ఎసరు మూత మీది నీళ్ళు

మా ఇంట్లో టీవీ కింద సొరుగులో ఒక స్పాంజి బంతి ఉంది. చిన్న నిమ్మకాయంత ఉంటుంది. ఒకప్పుడు నారింజ రంగులో ఉండేది, ఇప్పుడు వెలిసిపోయి మట్టి రంగుకు తిరిగింది. మొన్న మా అక్క మనవడు దాన్ని బయటికి లాగి గోడకేసి కొట్టి ఆడుతుంటే, అది పగిలే వస్తువు కాదని తెలిసి కూడా గబుక్కున లేచి లాక్కున్నాను. పిల్లాడు బిత్తరపోయి "ఏంది తాతా ఇది?" అన్నాడు. ఇది సముద్రంలో నుంచి వచ్చింది నాన్నా, దీనితో సముద్రాన్ని మంచినీళ్ళు చేసేవాళ్ళం అన్నాను. వాడికి అర్థమయ్యేలా ఇంకేం చెప్పాలో తోచలేదు. అప్పటి నుంచి అది మనసులో తిరుగుతూనే ఉంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

1994 నుంచి 2016 దాకా, 22 ఏళ్ళు నేను కువైట్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఒక కరెంటు స్టేషన్‌లో పనిచేశాను. స్టేషన్ పేరు చెప్పను. షువైఖ్, షుఐబా, దోహా ఈస్ట్, దోహా వెస్ట్, అజ్జౌర్, సబియా, వీటిలో ఏదో ఒకటి అనుకోండి. (దోహా అనగానే ఖతర్ రాజధాని అనుకుంటారు చాలామంది. కువైట్‌లో కూడా బే ఒడ్డున, అంటే చిన్న అఖాతం ఒడ్డున, దోహా అని ఒక చోటుంది.) వీటన్నిటిదీ ఒకటే తీరు. ఒక పక్క బాయిలర్లు, టర్బైన్లు, ఆకాశంలోకి పొగగొట్టాలు. వాటి పక్కనే రైలు పెట్టెల్లా వరసగా పడుకున్న పెద్ద పెద్ద ఇనుప గదులు. వాటిని డిస్టిలర్లు అంటాం. కరెంటు పుట్టించిన ఆవిరి అక్కడితో అయిపోదు, దానిలో మిగిలిన వేడి డిస్టిలర్‌కి వచ్చి సముద్రపు నీటిని మరిగిస్తుంది. ఊరికి కరెంటూ మంచినీళ్ళూ ఒకే గేటులో నుంచి పోతాయన్నమాట. నదులు లేని దేశం అది. చెరువు అనే మాటకు అక్కడ పనే లేదు.

ఇక మాది కనిగిరి వైపు ఒక పల్లె. ఆ ప్రాంతం వాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తాను. పొదిలి, దర్శి, కనిగిరి, ఈ చుట్టుపక్కల భూమిలోని నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఒకప్పుడు అది నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బు గురించి డాక్టర్లు మొదటిసారి రాసింది మా వైపు ఊళ్ళ గురించే, 1937లో. మనుషుల కంటే ముందు ఎడ్లలో కనిపెట్టారట. వేరే చోట నుంచి కొనుక్కొచ్చిన మంచి ఎడ్లు కొన్నాళ్ళకే కాళ్ళు బిగుసుకుపోయి నాగలి లాగలేక నిలబడిపోయేవట. రైతులు ఎడ్ల గురించి బాధపడుతుంటే, అదే నీళ్ళు ఇంట్లో పిల్లలు కూడా తాగుతున్నారన్న సంగతి బయటపడింది. నేను చిన్నప్పుడు మా ఊళ్ళో పళ్ళు తెల్లగా ఉన్న మనిషిని చూస్తే కొత్తగా కాపురానికొచ్చిన కోడలేమో అనుకునేవాళ్ళం. నా పళ్ళ మీద ఆ గార ఇప్పటికీ ఉంది. మా నాయన నలభై ఐదేళ్ళకే మెడ తిప్పలేకపోయేవాడు, ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. అమ్మకు నడుము వంగడం ఆ తర్వాత మొదలైంది.

దీంట్లో ఉన్న మోసం ఏమిటంటే, ఆ నీళ్ళు నోటికి ఏమీ తెలియవు. తేటగా ఉంటాయి, వాసన ఉండదు. నేను మొదటిసారి సముద్రం చూసింది కార్తీక పౌర్ణమి నాడు కొత్తపట్నంలో, లారీలో ఎక్కించుకుపోయారు మమ్మల్నందర్నీ. స్నానం చేస్తూ ఒక అల అమ్మ నోట్లో కొట్టింది. ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుని, "ఏందబ్బయా ఇంత ఉప్పుంది! దీనికంటే మన బోరింగు నీళ్ళు తియ్యన కదా" అంది. ఆ మాట నాకు ఆ తర్వాత ఎన్ని వందలసార్లు గుర్తుకొచ్చిందో.

డిప్లొమా అయ్యాక ఒక ఏడాది ఇబ్రహీంపట్నంలో, విజయవాడ థర్మల్‌లో అప్రెంటిస్ చేశాను. 210 మెగావాట్ల యూనిట్లు. కృష్ణ నీళ్ళు ఆవిరిని చల్లబరిచే కండెన్సర్‌లోకి వెళ్ళి వేడెక్కి బయటికొస్తుంటే గట్టున నిలబడి చూసేవాణ్ణి. ఆ తర్వాత ఒక ఏజెంటు దొరికాడు, 60 వేలు తీసుకున్నాడు. నాయన రెండెకరాలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. ఆపరేటర్ ఉద్యోగం అని చెప్పి పంపితే, దిగాక తెలిసింది అది కాంట్రాక్టు కింద క్లీనింగ్ గ్యాంగులో హెల్పర్ పని అని. రెండేళ్ళు ఆ పనే చేశాను. సముద్రం నీళ్ళు లోపలికొచ్చే చోట జాలీలకు పట్టిన గుల్లలూ పాచీ గీకడం, ఆపేసిన డిస్టిలర్లలోకి దూరి అడుగున పేరుకున్న మడ్డి ఎత్తిపోయడం. ఇదంతా ఏడ్చుకుంటూ చెప్పడానికి రాయడం లేదు. నాకు ప్లాంటు తెలిసింది ఆ రెండేళ్ళలోనే. డ్రాయింగులు చూసి నేర్చుకున్నవాళ్ళకు బయట నుంచి తెలుస్తుంది, నాకు కడుపులో నుంచి తెలుసు.

అది ఎలా పనిచేస్తుందో చెప్తాను, ఎందుకంటే నాకు ఇప్పటికీ అది ఆశ్చర్యమే. నీళ్ళు మరగాలంటే 100 డిగ్రీలు కావాలని చదువుకున్నాం కదా. డిస్టిలర్‌లో అట్లా కాదు. ఉప్పునీటిని మొదట 90, 100 డిగ్రీల దాకా వేడి చేసి ఒక గదిలోకి వదులుతారు. ఆ గదిలో గాలిని లాగేసి ఉంచుతారు, కాబట్టి నీళ్ళు లోపలికి రాగానే భగ్గున కొంత ఆవిరైపోతాయి. మిగిలిన నీళ్ళు పక్క గదికి పోతాయి, అక్కడ ఇంకా తక్కువ ఒత్తిడి, మళ్ళీ కొంత ఆవిరి. అట్లా ఒక గది తర్వాత ఒక గది. చివరి గదికొచ్చేసరికి నీటి వేడి 40 డిగ్రీలే, అంటే మనం స్నానానికి తోడుకునే వేడి, అయినా కుతకుత ఉడుకుతూనే ఉంటుంది. పైన గొట్టాల్లో చల్లటి సముద్రపు నీళ్ళు పారుతుంటాయి, ఆవిరి ఆ గొట్టాలకు తగిలి బొట్లుగా మారి కింద తొట్టిలో పడుతుంది. ఆ బొట్లే మంచినీళ్ళు.

గది గోడకు చిన్న అద్దం ఉంటుంది, లోపల దీపం. రాత్రి షిఫ్ట్‌లో రౌండ్‌కి వెళ్ళినప్పుడు ఒక్కో అద్దం దగ్గర ఆగి లోపల నీటి మట్టం చూసి రాసుకోవాలి. నేను రాసుకున్నాక కూడా కాసేపు అక్కడే నిలబడేవాణ్ణి. పచ్చటి వెలుతురులో ఉప్పునీళ్ళు తెల్లగా నురగలు కక్కుతూ దొర్లుతుంటాయి, అద్దానికి చెవి ఆనిస్తే లోపల వాన కురుస్తున్నట్టు చప్పుడు. మా వైపు వాన చప్పుడు విని ఎన్నాళ్ళయిందో అనుకునేవాణ్ణి, అక్కడ నిలబడి.

ఆ బంతి సంగతి చెప్పలేదు కదా. ఆ గొట్టాల లోపల ఉప్పు పొరలు కడుతుంది, మన గీజర్ రాడ్‌కి తెల్లగా పట్టినట్టు. పొర కడితే వేడి అందదు, నీళ్ళు తగ్గిపోతాయి. అందుకని గొట్టం లోపలి వెడల్పు కంటే ఒక పిసరు పెద్దవిగా ఉన్న స్పాంజి బంతుల్ని వందల్లో నీటితో పాటు వదులుతారు. అవి నొక్కుకుంటూ, గొట్టాన్ని తుడుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పోతాయి, అక్కడ జల్లెడ లాంటి దానిలో చిక్కుతాయి, మళ్ళీ మొదటికి. రోజూ అదే తిరుగుడు. అరిగి చిన్నవైన బంతుల్ని ఏరి పారేయాలి. దానికి ఒక ఇనుప రింగు ఇచ్చేవాళ్ళు, రింగులో నుంచి జారి పడిపోయిందంటే దాని పని అయిపోయినట్టే. ఎన్ని వేల బంతులు చూశానో ఈ చేతులతో. నేను వచ్చేసే ముందు ఆఖరి షిఫ్ట్‌లో, రింగులో నుంచి జారిన ఒక బంతిని జేబులో వేసుకున్నాను.

మాతో ఒక మలయాళీ పెద్దాయన ఉండేవాడు, మేమంతా చేట్టా (అన్న) అనే పిలిచేవాళ్ళం. 1979లో వచ్చినవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. ఎడారి దాటి, జోర్డాన్‌లో అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి వచ్చిపడ్డాడు. ఆ రెండు నెలల్లో లక్షమందికి పైగా మనవాళ్ళను అట్లాగే తెచ్చారు, వాళ్ళలో మన కడప, గోదావరి జిల్లాల వాళ్ళు ఎంతమందో. యుద్ధం అయ్యాక చేట్టా తిరిగి వెళ్ళేసరికి 600కు పైగా నూనె బావులు తగలబడుతున్నాయట, మధ్యాహ్నం పూట లైట్లు వేసుకుని బండ్లు నడిపారట. ఆయన చెప్పేది వింటుంటే నాకు అన్నిటికంటే మనసుకు తగిలింది ఒకటే. కాల్పులూ పొగా కాదు, కుళాయి తిప్పితే నీళ్ళు రాకపోవడం. కరెంటు స్టేషన్లు దెబ్బతింటే చీకటొక్కటే కాదు, దాహం కూడా వస్తుంది అక్కడ. సముద్రంలోకి వదిలిన చమురు తెట్టు తీరం వెంట దక్షిణానికి కొట్టుకుపోతుంటే, సౌదీలో జుబైల్ దగ్గర ఉప్పునీటి ప్లాంటు వాళ్ళు సముద్రం మీద తేలే కంచెలు కట్టి, నీళ్ళు లోపలికి తీసుకునే చోటైన ఇన్‌టేక్‌ను కాపాడుకున్నారు. అక్కడి నుంచి రియాద్ నగరానికి మంచినీళ్ళు పోతాయి, 400 కిలోమీటర్లకు పైగా పైపులో.

కువైట్ వాళ్ళకు నీళ్ళ విలువ తెలుసు. చమురు పడకముందు వాళ్ళు షత్ అల్ అరబ్ నది నుంచి చెక్క పడవల్లో నీళ్ళు తెచ్చుకుని తోలుసంచుల్లో అమ్ముకున్నవాళ్ళు. ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే మొదటి యంత్రం 1914 ప్రాంతంలో వచ్చింది. ఇంగ్లీషు కండెన్సర్ అన్న మాట వాళ్ళ నోట్లో పడి "కందాసా" అయింది. ముసలివాళ్ళు ఆ మాట ఇంకా అంటుంటే విన్నాను. 1953లో షువైఖ్‌లో రోజుకు 10 లక్షల గ్యాలన్ల ప్లాంటు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆగలేదు. ఊళ్ళో అక్కడక్కడా నీలం తెలుపు చారల పుట్టగొడుగుల్లా నిలబడి ఉంటాయి నీళ్ళ ట్యాంకులు, గుంపులు గుంపులుగా. శుక్రవారం కువైట్ సిటీలో మాలియా అనే చోటుకి బస్సులో పోతుంటే కనిపించేవి. మన నీళ్ళే, అనుకునేవాణ్ణి వాటిని చూసినప్పుడల్లా.

మాలియా అంటే తెలుగువాళ్ళ శుక్రవారం. ఊరి కబుర్లు, ఉత్తరాలు, డబ్బు పంపడాలు, పచ్చడి సీసాలు, అన్నీ అక్కడే. ఒకసారి బస్సులో రాజంపేట వైపు ఒకావిడ పక్క సీట్లో కూర్చుంది, ఇళ్ళల్లో పని చేసే మనిషి. ఏం పని చేస్తావన్నా అంటే చెప్పాను. ఆమె నా వైపు తిరిగి, "అయితే మా మేడమ్ వాళ్ళ ఇంట్లో నేను పొద్దస్తమానం కార్లు కడిగేది, గచ్చు కడిగేది మీరు చేసిన నీళ్ళతోనా అన్నా?" అంది. అవునమ్మా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మా ఊళ్ళో రెండు బిందెలకు మైలు నడిచేదాన్ని" అంది కిటికీలోకి చూస్తూ. నాకూ ఏం అనాలో తెలియలేదు.

ఆ మధ్యే ఒక రాత్రి లెక్క వేశాను. లాగ్ షీట్ వెనకాల పెన్సిల్‌తో. నేను చూసుకునే ఒక్క డిస్టిలర్ రోజుకు 60 లక్షల గ్యాలన్లు ఇచ్చేది, అంటే దాదాపు 2 కోట్ల 73 లక్షల లీటర్లు. అప్పట్లో మన పల్లెల్లో మనిషికి రోజుకు 40 లీటర్లు ఇవ్వాలని ప్రభుత్వం లెక్క. భాగిస్తే దాదాపు 6 లక్షల 80 వేల మంది. కనిగిరి, పొదిలి, దర్శి, మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపినా ఇంకా మిగిలిపోతాయి నీళ్ళు. ఒక్క డిస్టిలర్. అలాంటివి మా స్టేషన్‌లో వరసగా పడుకుని ఉన్నాయి. ఆ కాగితం చింపి జేబులో పెట్టుకున్నాను, తర్వాత ఎక్కడో పోయింది. మా దగ్గర చమురు లేదు, గ్యాసు లేదు, ఆ నీళ్ళ వెనకాల ఎంత ఇంధనం కాలుతుందో నాకు తెలుసు, అది మనకు కుదిరే పని కాదనీ తెలుసు. తెలిసినా ఆ అంకె మాత్రం చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

1998లో సెలవుకి వచ్చేటప్పుడు ఒక లీటరు బాటిల్ నింపి తెచ్చాను. అప్పట్లో విమానంలో నీళ్ళు తెస్తే అడిగేవాళ్ళు కాదు. శాంపిల్ కుళాయి దగ్గర పట్టిన నీళ్ళు, ఊరికి పంపే ముందు కలిపే నేలనీళ్ళు కూడా ఇంకా కలపనివి. ఎడారిలో షగాయా లాంటి చోట్ల బావుల్లో ఉన్న కాస్త ఉప్పటి నీటిని కొద్దిగా కలిపి రుచి తెప్పిస్తారు, లేకపోతే ఆ నీళ్ళకు రుచే ఉండదు. ఇంటికి రాగానే అమ్మకు గ్లాసులో పోసిచ్చాను. అప్పటికి ఆమె లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. తాగి, నాలుక చప్పరించి చూసుకుని, "చూరు నీళ్ళలాగా ఉన్నాయి రా" అంది. తన చిన్నప్పుడు వాన పడితే పూరింటి చూరు కింద బిందె పెట్టి పట్టుకునేవాళ్ళట, ఆ రుచి అట. 22 ఏళ్ళలో మా ప్లాంటు నీళ్ళ గురించి ఇంజనీర్లు చెప్పిన మాటలన్నిటికంటే సరైన మాట అది.

ఆ సాయంత్రమే ఇంకోటి జరిగింది. అమ్మ తాగే నీళ్ళు కాచి చల్లార్చి పెట్టుకుంటోంది, ఆస్పత్రిలో ఎవరో నీళ్ళు కాచుకు తాగమన్నారని. కాచడం క్రిములకు మంచిదే గానీ ఫ్లోరైడ్ పోదమ్మా, నీళ్ళు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది, అని చెప్పాను. నమ్మలేదు. పొయ్యి మీద అన్నానికి ఎసరు మరుగుతోంది. నేను వెళ్ళి మూత తీసి తిరగేసి చూపించాను. మూత లోపలి వైపు నిండా బొట్లు, వేలితో నొక్కితే జారిపోతున్నాయి. "ఇదిగో, ఈ బొట్లలో ఫ్లోరైడ్ లేదు, ఉప్పు లేదు, ఏమీ లేదు. అంతా గిన్నెలోనే ఉండిపోయింది. నేను అక్కడ చేసేది ఇదే పని, మూత పెద్దది, అంతే" అన్నాను. అమ్మ మూత చేతిలోకి తీసుకుని, వంగిన నడుముతోనే దీపం దగ్గరికి పోయి, ఆ బొట్లను చాలాసేపు చూసింది. ఒక బొట్టు వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకుంది. "ఇన్నేళ్ళూ ఇవి దులిపేసి గిన్నె కడుక్కున్నానే" అంది.

ఆ తర్వాత నేను పంపిన డబ్బుతో ట్యాంకర్ నీళ్ళు, తర్వాత క్యాన్ నీళ్ళు తెప్పించుకునేవాళ్ళు తాగడానికి. కానీ ఎముకల్లోకి చేరింది తిరిగి బయటికి రాదు. అమ్మ 2009లో పోయింది. ఆ రోజు కువైట్‌లో నేను మధ్యాహ్నం షిఫ్ట్‌లో ఉన్నాను. ఫోన్ వచ్చాక కూడా రిలీవర్ వచ్చేదాకా ప్యానెల్ వదలడానికి లేదు. రెండు గంటలు ఆ మీటర్ల ముందు కూర్చున్నాను. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపించే మీటరు ముల్లు కదలకుండా నిలబడి ఉంది, అన్ని రోజుల్లాగే.

సముద్రం గురించి కూడా కొంచెం చెప్పాలి. బంగాళాఖాతం లాంటిది కాదు అది. గల్ఫ్ లోతు తక్కువ, వేడి ఎక్కువ, లీటరు నీటిలో 40 గ్రాములకు పైనే ఉప్పు. వేసవిలో నీళ్ళే 34, 35 డిగ్రీలు ఉంటాయి. చల్లబరచడానికి పనికిరావాల్సిన నీళ్ళే వేడిగా వస్తే కండెన్సర్‌లో వాక్యూమ్ పడిపోతుంది, పుట్టే కరెంటు తగ్గుతుంది, సరిగ్గా ఊరంతా ఏసీలు వేసుకుని కరెంటు ఎక్కువ అడిగే రోజుల్లోనే. జూలై, ఆగస్టుల్లో కంట్రోల్ రూమ్‌లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు, అంత టెన్షన్. నా ఆఖరి వేసవి, 2016 జూలై 21న మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ మధ్యాహ్నం రౌండ్‌కి వెళ్ళి రెయిలింగ్ పట్టుకుంటే గ్లోవ్స్‌లో నుంచి కూడా చురుక్కుమంది.

ఒక ఏడాది ఏప్రిల్ చివర్లో జెల్లీఫిష్ వచ్చాయి. రాత్రి రెండు దాటింది. ఇన్‌టేక్ దగ్గర తిరిగే జాలీలకు అటూ ఇటూ నీటి మట్టంలో తేడా పెరుగుతోందని అలారం. టార్చ్ పట్టుకుని వెళితే నీళ్ళు కనిపించలేదు, తెల్లటి జిగురు ముద్దలు ఒకదాని మీద ఒకటి, సగ్గుబియ్యం జావ పోసినట్టు. జాలీలు తిరగడం ఆగిపోయాయి, ఒక పంపు ట్రిప్ అయింది, అంటే దానంతటదే ఆగిపోయింది, లోడ్ తగ్గించాల్సి వచ్చింది. నాకు పాత క్లీనింగ్ పని తెలుసు కాబట్టి నేనే ముందు దిగాను, నా వెనక బంగ్లాదేశ్ కుర్రాళ్ళు నలుగురు. పారలతో ఎత్తి బండ్లలో పోశాం. తెల్లారేసరికి చేతులు మోచేతుల దాకా మంటలు. కానీ ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ కుళాయి ఆగలేదు. ఆ ఉదయం డ్యూటీ దిగి ఖైతాన్‌లో రూముకి వెళ్ళి స్నానానికి కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి చూడండి, ఆ సంతోషం ఎవరికీ చెప్పి ఒప్పించలేను.

2001 వేసవి చివర్లో బేలో చేపలు చచ్చిపోయాయి, టన్నులకు టన్నులు. మైద్ అంటారు వాళ్ళు, చిన్న చేప, అక్కడివాళ్ళకు చాలా ఇష్టం. ఒడ్డంతా వెండి రేకులు పరిచినట్టు. ఆ వాసన వారాల తరబడి పోలేదు. రోగం వచ్చి చచ్చాయని తర్వాత తేల్చారు. అప్పుడు నాకు మొదటిసారి మేం సముద్రంలోకి తిరిగి వదిలే నీళ్ళ మీద ఆలోచన పడింది. మేం తీసుకున్న నీళ్ళలో చాలా భాగం వేడిగా, ఇంకా ఉప్పగా తిరిగి సముద్రంలోకే పోతుంది. అవుట్‌ఫాల్ దగ్గర చలికాలం వెచ్చగా ఉంటుందని చేపలు చేరేవి, వాటి కోసం గాలాలు పట్టుకుని మనుషులు, బురద మేటల మీద ఫ్లెమింగోలు. చూడ్డానికి బాగుండేది. కానీ లోతు లేని బేలోకి చుట్టూ ఉన్న స్టేషన్లన్నీ ఏళ్ళ తరబడి అట్లా వదులుతుంటే అది ఎక్కడికి పోతుంది అని చేట్టాని అడిగాను. ఆయన సిగరెట్ ఆర్పి, "సముద్రం పెద్దది" అన్నాడు. నాకు ఆ జవాబు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

2010 దాటాక షువైఖ్‌లో ఆర్‌వో ప్లాంటు వచ్చింది. మరిగించే పని లేదు, 60, 70 బార్ల ఒత్తిడితో పొరలో నుంచి నీటిని తోసేయడమే. ఇంధనం చాలా తక్కువ పడుతుంది, మంచిదే. కొత్త కుర్రాళ్ళు దాని వైపు వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ అద్దాలూ, లోపలి వాన చప్పుడూ లేని ప్లాంటు మీద మనసు పోలేదు.

2016లో వచ్చేశాను. ఊళ్ళోకి వచ్చేసరికి బస్టాండ్ పక్కన చిన్న రేకుల గదిలో ఆర్‌వో ప్లాంటు ఉంది, 20 లీటర్ల క్యాన్లు నింపి అమ్ముతున్నారు. లోపలికి వెళ్ళి చూశాను. తెల్లటి గొట్టాలు, చిన్న మోటారు, ప్రెషర్ గేజ్. షువైఖ్‌లో ఉన్నదే, మేకపిల్లంత సైజులో. నడిపే కుర్రాడు మా బంధువుల పిల్లాడే, "మావయ్యా, నీకు తెలియందేముంది" అని స్టూలు వేశాడు. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు వెళ్ళి కూర్చుంటాను, ఫిల్టర్లు మార్చేటప్పుడు సాయం చేస్తాను. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తాయని 1996లో శంకుస్థాపన చేసినప్పటి నుంచీ మా వాళ్ళు ఎదురుచూస్తూనే ఉన్నారు, సొరంగాలు పూర్తయ్యాయని కూడా 2024లో చెప్పారు. కాలువలో నీళ్ళు కళ్ళబడేదాకా ఈ రేకుల గదే మాకు.

పోయిన ఎండాకాలం ఒకరోజు ఆ గది వెనక్కి వెళ్ళాను. ఆర్‌వోలో మంచినీళ్ళు ఒక గొట్టంలో వస్తే, వదిలేసిన నీళ్ళు ఇంకో గొట్టంలో బయటికి పోతాయి. బోరులోని ఫ్లోరైడ్ అంతా ఆ రెండో గొట్టంలోనే, ఇంకా చిక్కగా. ఆ గొట్టం గోడ దాటి ఒక గుంటలోకి వదిలేసి ఉంది, ఎండలకు ఊళ్ళో ఎక్కడా నీళ్ళు లేవేమో, ఆ గుంట దగ్గర రెండు గేదెలూ ఒక దూడా మూతి పెట్టి తాగుతున్నాయి.

కుర్రాణ్ణి పిలిచాను. 1937లో మన వైపు ఎడ్లకు జరిగింది చెప్పాను. వాడికి తెలియదు ఆ సంగతి, ఎవరు చెప్తారు. "గొట్టం యాడికి తిప్పమంటావు మావయ్యా, మనకు సముద్రం లేదుగా" అన్నాడు. నిజమే, నాకూ వెంటనే తోచలేదు. రెండు రోజులు ఆలోచించి, బడి హెడ్‌మాస్టర్‌ గారితో మాట్లాడి, 60 అడుగుల పైపు నేనే కొని, బడి మరుగుదొడ్ల పక్కనున్న సిమెంటు తొట్టికి కలిపాం. తొట్టి మీద మూత వేయించాం, తాగే నీళ్ళు కాదని ఎర్ర రంగుతో రాయించాం. గుంట పూడ్చేశాం. గేదెలకు పక్కన ఇంకో తొట్టి కట్టి రోజుకు పది క్యాన్ల మంచినీళ్ళు పోయమన్నాను, డబ్బు నేను కడతానన్నాను. మొదటి రోజు ఆ దూడ పాత గుంట దగ్గరికే వెళ్ళి మట్టి వాసన చూసి నిలబడింది. తాడు పట్టుకుని ఇటు తీసుకొచ్చి తొట్టి చూపించేసరికి మూతి ముంచి చాలాసేపు తాగింది.